మూడు ప్రశ్నార్థకాలు, మూడు రోజుల ఉపవాసం

ఒక పెద్దమనిషిని గౌరవించబోయి, నలభై ఇళ్ళ సంఘాన్ని మూడు రోజులు పస్తు పెట్టి, ఒక ముసలావిడ జీవితకాలపు కష్టాన్ని గల్లంతు అంచుదాకా తీసుకుపోయి, ఆ నేరమంతా సాక్షాత్తూ సాతాను మీద మోపిన విశ్వాసి మా చిత్తూరు జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. చెప్పుకోవడానికి సిగ్గుపడాలని నాకు తెలుసు. కానీ దేవుని ఎదుట అబద్ధమాడలేను, కొంచెం గర్వంగానే ఉంది. చదివాక సిగ్గు ఎన్ని పాళ్ళో, గర్వం ఎన్ని పాళ్ళో మీరే తూచండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. వడమాలపేట దగ్గర మా పల్లె. తిరుపతిలో డిగ్రీ ముగించి, ఆరు నెలల కంప్యూటరు కోర్సు చదివి, ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి ఇంటికొచ్చాను. మా నాయన పెళ్ళి ఫోటో పక్కకు జరిపి దాన్ని తగిలించాను. వయసు ఇరవై రెండు. ఆ వయసులో మనిషికి తెలియనిది ఉండదు. తెలియకపోవడం మొదలయ్యేది తర్వాతే.

ఆ ఏడాది మా సంఘానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. పండుగనాటికి ఒక పాటల పుస్తకం అచ్చు వేయించాలని పాస్టరయ్యగారు సంకల్పించారు. పాటలన్నీ సారమ్మవ్వవి. సారమ్మవ్వకు చదువు రాదు, సంతకమంటే వేలిముద్ర. కానీ వేరుశనగ చేలో చెనిక్కాయలు పెరుకుతూ, నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ ఆమె కట్టుకున్న పాటలు ఇరవైరెండు. సంఘంలో ఒకరికి ఒక పల్లవి వచ్చు, ఇంకొకరికి ఒక చరణం వచ్చు. మొత్తంగా ఉన్నది ఆమె నోట్లోనే.

"నేను పోతే ఇవి గూడా నాతో గుంతలో పడతాయి నాయనా," అనేది. "మట్టికి పాట నేర్పేదెవరు?"

ఇంతలో దేవుడు కంప్యూటరు పంపాడు. కిమ్ గారని, చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసే కొరియా పెద్దమనిషి. మంచి విశ్వాసి. ఒక ఆదివారం మా ఆరాధనకు వచ్చి, ఒక్క మాట అర్థం కాకుండానే సారమ్మవ్వ పాట విని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత సంగటి, ఊరుబిండి తిని మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. మొదటిది ఆత్మ వలన, రెండోది మిరపకాయ వలన. స్వదేశానికి వెళ్ళిపోయేటప్పుడు తన కంప్యూటరును మా సంఘానికి కానుకగా ఇచ్చి, తన భాషలో తన పేరున్న చిన్న కార్డొకటి పాస్టరయ్యగారి చేతిలో పెట్టి పోయాడు.

ఆ కంప్యూటరు కీబోర్డులో ప్రతి మీట మీదా ఇంగ్లీషు అక్షరం పక్కన ఒక కొరియా అక్షరం ఉండేది. చిన్న గీత, చిన్న సున్న, చిన్న గొడుగు. ఒక మీట నొక్కితే ఇంగ్లీషు, పక్క మీట నొక్కితే కొరియా. మా పల్లెలో రెండు విదేశీ భాషలు తెలిసిన మొదటి వస్తువు అదే. దాని పక్కన కూర్చున్నందుకు నాకు మూడో భాష వచ్చినంత పొగరు వచ్చింది.

నాతో కోర్సు చదివి తిరుపతిలో కంప్యూటర్ల దుకాణం పెట్టుకున్న మునిరత్నం వచ్చి, తెలుగు అక్షరాలు కొట్టే సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. పోతూ పోతూ ఒక మాట చెప్పాడు.

"పాటలు కాగితం మీద గూడా రాసిపెట్టుకో జయరాజూ. ఫ్లాపీలో ఒక కాపీ ఏసుకో."

"నీది అల్పవిశ్వాసం మునిరత్నం."

"విశ్వాసం సంగతి కాదప్పా. మీ ఊరి కరెంటు సంగతి."

నేను నవ్వాను. కాగితమూ పెట్టలేదు, ఫ్లాపీ కొనలేదు. గోచీ విప్పి తలపాగా చుట్టినవాడికి ఊరంతా కనబడుతుంది, తన సంగతి తప్ప.

రెండు నెలలు సాగింది పని. పొద్దున పది గంటలకు సారమ్మవ్వ వచ్చి, పాస్టరయ్యగారి వరండాలో కంప్యూటరు పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఆమె పాడితే నేను కొట్టేవాణ్ణి.

"ఇది వింటాండాదా?" అని మానిటరు వైపు చూసి అడిగేది.

"అది వినదవ్వా. నేను వింటాండా. అది దాచిపెడతాది."

"నువ్వు తప్పు వింటే?"

"తప్పునే దాచిపెడతాది."

"అయితే నిన్ను కాదు, దాన్ని నమ్మేది నేను," అనేది.

ఒక్కో పాటను నాలుగైదుసార్లు పాడించాను. నా వేళ్ళు కీబోర్డు మీద కోడి గింజలు ఏరుకున్నట్టు నడిచేవి మరి. ఇరవైరెండో పాట ముగిసేసరికి అవ్వ గొంతు పోయింది. తిరుపతిలో చూపిస్తే, డెబ్బై ఎనిమిదేళ్ళ గొంతు, పాట జోలికి పోవద్దు, తిరిగి వస్తే మీ భాగ్యమనుకోండి అన్నారు. అవ్వ ఏమీ దిగులు పడలేదు. "పోతే పోనీ, అన్నీ దాంట్లో పోసేసినా గదా," అని గుసగుసగా చెప్పి, మానిటరును చేత్తో నిమిరి ఇంటికి పోయింది.

అంటే సంగతి మీకు అర్థమైంది కదా. ఇప్పుడు ఆ పాటలు అవ్వ నోట్లో లేవు, కాగితం మీద లేవు, ఫ్లాపీలో లేవు. ఆ ఒక్క డబ్బాలో ఉన్నాయి. ఆ డబ్బా నా చేతిలో ఉంది.

ఇక్కడ మా సంఘం ఆచారం ఒకటి చెప్పాలి. మాకు ఎవరు ఏ కానుక ఇచ్చినా వాళ్ళ పేరు దాని మీద రాయించడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. మందిరంలో ఫ్యానుకు మూడు రెక్కలుంటే మూడు కుటుంబాల పేర్లు. ఫ్యాను తిరిగితే ఎవరి పేరూ కనబడదు, కాబట్టి దాతలు వచ్చిన రోజు ఫ్యాను ఆపేస్తాం. ట్యూబులైటు పట్టీ మీద పేరు ఎంత పొడుగంటే, వెలుతురు దాని తర్వాతే బయటికి వస్తుంది. కూజా మీద పేరు, గ్లాసు మీద పేరు, చివరికి చీపురు పిడి మీద కూడా 'దాత' అని ఉంటుంది. ఇంత పద్ధతిగల సంఘంలో కంప్యూటరు మాత్రం అనాథలా పేరు లేకుండా ఉండడం నాకు నచ్చలేదు. పెయింటుతో రాయించమన్నారు పాస్టరయ్యగారు. నేను ఒప్పుకోలేదు.

"పెయింటు పాతకాలం అయ్యగారూ. దీనికి లోపల్నే పేరు పెట్టొచ్చు. అదీ ఆయన భాషలోనే."

"లోపలంటే యాడ నాయనా?"

"అది మీకు చెప్పినా అర్థం కాదయ్యగారూ," అన్నాను, సర్టిఫికెట్టు ఫ్రేమంత ముఖం పెట్టి.

పండుగకు ఇంకా పది రోజులున్నాయనగా, ఒక శుక్రవారం కిమ్ గారి కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కంప్యూటరుకు ఒక పేరు పెట్టుకునే చోటు లోపల ఉంటుంది. అంతకుముందు అక్కడ ఏవో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఉండేవి. అవి చెరిపి, కార్డు మీద గీతనూ మీట మీద గీతనూ పోల్చుకుంటూ కొట్టాను. కొరియా అక్షరాలు ఒకదాని కింద ఒకటి చేరి గడిలో సర్దుకుంటాయి, మన వత్తులు సర్దుకున్నట్టు. గంట పట్టింది. మూడు చదరపు అక్షరాలు నిలబడ్డాయి, గుమ్మానికి కట్టిన మామిడాకుల్లా. ఇక ఈ మార్పు తెలియాలంటే ఒకసారి కంప్యూటరు ఆపి మళ్ళీ వేయమంది. ఆపాను. ఆ వేళకే ఉరుములు మొదలై కరెంటు పోయింది. వాన చూసుకుంటూ, దేవుడు నా పనికి జల్లు చల్లుతున్నాడనుకుంటూ ఇంటికి పోయాను.

శనివారం పొద్దున కంప్యూటరు వేశాను. వెలిగింది. తెలుగు సాఫ్ట్‌వేరు తెరిచాను. ఒక చిన్న పెట్టె వచ్చింది. అందులో వరసగా మూడు ప్రశ్నార్థకాలు, వాటి కింద చెల్లదు అని అర్థం వచ్చే ఒక ఇంగ్లీషు మాట. సరే అని నొక్కితే పెట్టె పోయింది, సాఫ్ట్‌వేరూ పోయింది. మళ్ళీ తెరిచాను. మళ్ళీ మూడు ప్రశ్నార్థకాలు. పదహారుసార్లు తెరిచాను. పదహారుసార్లూ అది నన్ను అదే ప్రశ్న అడిగింది, నేనే జవాబు చెప్పలేదు.

వడమాలపేట ఎస్టీడీ బూతుకు పరుగెత్తాను.

"మునిరత్నం, తెలుగు తెరుచుకోలేదప్పా. మూడు ప్రశ్నార్థకాలు వస్తాండాయి."

"నువ్వేమన్నా మార్చినావా?"

"నేనేం మార్చలేదే."

"బాగా ఆలోచించి చెప్పు. ఏమన్నా ముట్టుకున్నావా?"

"ఏమీ ముట్టుకోలేదు. నిన్న ఉరిమింది."

"ఉరిమిందా," అన్నాడు మునిరత్నం. "అయితే హార్డ్ డిస్కు పోయిందేమో. అదే పోయింటే దాంట్లో ఉండేటివన్నీ పోయినట్టే. ఫ్లాపీలో కాపీ ఉండాది గదా?"

నేను ఉరుము ఎంత పెద్దదో వర్ణించబోయాను. అతనికి సంగతి అర్థమైంది.

"కార్వేటినగరంలో మా బావమరిది పెండ్లి ఉండాది. బుధవారం వస్తా. అంతదాకా దాన్ని ముట్టుకోకుండా గమ్మునుండు," అని పెట్టేశాడు.

చదువరులారా, ఇక్కడ నా మీద కొంచెం దయ చూపండి. నేను అబద్ధం చెప్పలేదు. నా మనసులో నేను మార్చింది ఏమీ లేదు. ఫ్యాను రెక్క మీద పేరు రాస్తే ఫ్యాను మారిందంటామా?

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల వేళ వచ్చింది. మా సంఘంలో ఎవరైనా లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలో, తమకొచ్చిన శోధనో చెప్పుకోవచ్చు. నేను లేచాను. మామూలుగా సాక్ష్యం రెండు నిమిషాలు. నాది ఇరవై నిమిషాలు సాగింది.

"ప్రియులారా," అన్నాను, "ఈ పాటలు అచ్చయితే ఎన్ని ఆత్మలు రక్షింపబడతాయో సాతానుకు తెలుసు. అందుకే వాడు ఉరుము రూపంలో వచ్చాడు. సారమ్మవ్వ పాటల మీద కూర్చున్నాడు. వాడు నన్ను మూడు ప్రశ్నలు అడుగుతున్నాడు. నేను భయపడను."

సంఘమంతా స్తోత్రం అంది. స్త్రీల వైపు నుంచి ఏడుపులు వినిపించాయి. అవ్వ మాత్రం మొదటి వరసలో కూర్చుని, గొంతు మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తోంది. ఆ చూపు గుర్తుకొస్తే ఇప్పటికీ నా సాక్ష్యం ఇరవై నిమిషాల నుంచి రెండుకు దిగిపోతుంది.

పాస్టరయ్యగారు అప్పటికప్పుడు సోమ, మంగళ, బుధవారాలు ఉపవాస ప్రార్థన ప్రకటించారు. పొద్దు గుంకేదాకా ఎవరూ ఏమీ తినకూడదు. నలభై ఇళ్ళలో పొయ్యి ఆరింది. కూలికి పోయే ఆడవాళ్ళు కూడా ఖాళీ కడుపుతో చెనిక్కాయలు పెరికి, సాయంత్రం నేరుగా వరండాకు వచ్చి మానిటరు మీద చేతులుంచి ప్రార్థించారు. సంఘపెద్ద ఆబేలు మామ నూనె సీసాతో వచ్చాడు.

"దీనికి నెత్తి యాడ?"

"నెత్తి లేదు మామా. నూనె పోస్తే కాలిపోతాది."

"కాలితే సాతాను గూడా కాలతాడు గదరా."

"సాతానుతోపాటు పాటలు గూడా కాలతాయి మామా."

ఆయన బాగా ఆలోచించి, ఆ నూనె నా నెత్తికి రాసిపోయాడు. ఆలోచిస్తే, ఆ మూడు రోజుల్లో సరైన చోట జరిగిన అభిషేకం అదొక్కటే.

ఈ మూడు రోజులూ వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే అడిగారు. "నువ్వేమన్నా మార్చినావా నాయనా?" పాస్టరయ్యగారు అడిగారు. మా నాయన అడిగాడు. పాలు పోసే ఆయన అడిగాడు. నేను ఏమీ మార్చలేదన్నాను. చివరికి విసుగొచ్చి, ఏమీ మార్చలేదని ఒక అట్ట ముక్క మీద రాసి మానిటరుకు తగిలించాను.

బుధవారం మధ్యాహ్నం మునిరత్నం వచ్చాడు. పెండ్లి గంధం ఇంకా ముఖం మీదే ఉంది. వరండా నిండా ఆకలిగొన్న జనం. సారమ్మవ్వ గోడకానుకుని కూర్చుంది. గురువారం పొద్దునకు పేజీలు తిరుపతి ప్రెస్సుకు చేరకపోతే పండుగకు పుస్తకం లేదు. కానీ అవ్వ చూపుల్లో పండుగ లేదు. ఆ డబ్బా తెరుచుకుంటుందా, లేదా, అదే ఉంది.

మునిరత్నం అట్ట ముక్క చదివాడు. పెట్టె చూశాడు. మూడు ప్రశ్నార్థకాలు చూశాడు.

"హార్డ్ డిస్కు బాగుండాది," అన్నాడు. "పోలేదు. ఉరుముకీ దీనికీ సమ్మందమే లేదు. ఇంగ నిజం చెప్పు. ఏం మార్చినావు?"

"ఏమీ మార్చలేదని రాసిపెట్టినా గదా."

అప్పుడు పాస్టరయ్యగారి భార్య, మేము అమ్మగారు అని పిలిచే ఆవిడ, తలుపు దగ్గర నుంచి నెమ్మదిగా అడిగింది. "శుక్రవారం కిమ్ గారి కార్డు ముందరేసుకొని గంటసేపు టకటకలాడిస్తివే, అదేంది నాయనా?"

"అది మార్చడం కాదమ్మగారూ. పేరు రాయడం."

మునిరత్నం కుర్చీలో నా వైపు తిరిగాడు. "ఎవరి పేరు?"

"దాత పేరు."

"యాడ రాసినావు?"

"కంప్యూటరు పేరు అడిగేచోట."

"ఏ భాషలో?"

"ఆయన భాషలోనే," అన్నాను. ఆ క్షణంలో కూడా కొంచెం గర్వంగానే అన్నానని ఒప్పుకుంటున్నాను.

మునిరత్నం ఆ చోటు తెరిచి చూశాడు. మూడు చదరపు అక్షరాలు. చాలాసేపు చూశాడు. తర్వాత వరండాలో అందరికీ వినబడేలా చెప్పాడు.

"సూడండయ్యా. ఈ తెలుగు సాఫ్ట్‌వేరు తెరిచిన ప్రతిసారీ ముందు ఈ పెట్టె పేరు సదువుకుంటాది. దొంగ కాపీనా, మన ఇల్లేనా అని సూసుకునేదానికి. దానికి ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకో భాషలో పేరు సదవను రాదు. తెలీని అక్షరం కనబడితే ప్రశ్నార్థకం అనుకుంటాది. మూడు అక్షరాలకు మూడు ప్రశ్నార్థకాలు. పేరు తెలీని ఇంట్లో నేను అడుగు పెట్టనని ఎలబారిపోయింది. దాని మర్యాద బాగానే ఉండాది పాపం."

"మరి సాతాను?" అన్నాడు ఆబేలు మామ.

"నాకు కనబడలేదు మామా," అన్నాడు మునిరత్నం. అతను సంఘస్థుడు కాడు, కాబట్టి అది నిష్పాక్షికమైన సాక్ష్యమే.

మూడు అక్షరాలు చెరిపాడు. తాను సాఫ్ట్‌వేరు ఎక్కించిననాటి పాత పేరే ఇంగ్లీషులో కొట్టాడు. ఆపి వేశాడు. తెలుగు తెరుచుకుంది. ఇరవైరెండు పాటలూ వరసగా, మూడు రోజులు ఏమీ జరగనట్టు కూర్చుని ఉన్నాయి. నేను మొదటి పాట పైకి చదివాను. రెండో చరణం దగ్గర సారమ్మవ్వ చెయ్యెత్తి ఆపింది.

"మాట తప్పు," అంది గుసగుసగా. "పొలం కాదు, చేను."

దిద్దాను. ఆ తర్వాత ఇరవైరెండు పాటలూ చదివించి, పదకొండు తప్పులు దిద్దించింది. ఆ సాయంత్రం వరండాలోనే పెద్ద కుండలో సంగటి కెలికారు. మునిరత్నం పెండ్లి భోజనం మీద ఇంకో రెండు ముద్దలు తిన్నాడు. పేజీలు ఆఖరి బస్సులో అతనితోనే ప్రెస్సుకు పోయాయి.

పుస్తకం పండుగకు వచ్చింది. ముప్పై రెండు పేజీలు, పసుపు అట్ట. ఈ రోజుకీ మా చుట్టుపక్కల సంఘాల్లో ఆ పాటలు పాడతారు. ఎవరైనా పాడుతుంటే, ఇవి నా వేళ్ళ మీదుగా నడిచి వచ్చాయని నా ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది. దానికి నేనేమీ చేయలేను.

కానీ పండుగ రోజు మళ్ళీ సాక్ష్యాల వేళ వచ్చింది. పాస్టరయ్యగారు నా పేరు పిలవలేదు. ఊరికే నా వైపు చూశారు. లేచాను. ఈసారి అర నిమిషమే పట్టింది.

"సాతాను రాలేదు. ఉరుము ఏమీ చేయలేదు. చేసింది నేనే. మీరంతా నా వలన మూడు రోజులు పస్తులున్నారు. క్షమించండి."

ఆడవాళ్ళ వైపు ఎవరో ఒకరు కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. అప్పుడు మొదటి వరసలో సారమ్మవ్వ కర్ర పట్టుకుని లేచింది. ఆమె గుసగుస వినడానికి సంఘమంతా ముందుకు వంగింది.

"మేము క్షమిస్తాములే నాయనా. పస్తు మాకు కొత్తగాదు. కానీ వాడు చెయ్యని పని వాడి మీద ఏసి, ఇంతమంది ముందర ఇరవై నిమిషాలు తిట్టినావే. లోకం పుట్టినప్పటి నుంచి సాతానుకే అన్యాయం చేసినోడివి నువ్వొక్కడివే. ముందు వాడికి చెప్పుకో క్షమాపణ."

యాభై ఏళ్ళలో మా మందిరం అంతగా నవ్వింది లేదు. పాస్టరయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అవ్వ మాత్రం నవ్వకుండా కూర్చుంది.

కాబట్టి ప్రియులారా, నలభై ఇళ్ళ సాక్షిగా నేనొక తీర్మానం చేసుకున్నాను. ఈ జన్మలో నాకు ఏ నష్టం వచ్చినా, బియ్యంలో పురుగు పడినా, బస్సు తప్పిపోయినా, పంటినొప్పి లేచినా, ముందు గంటసేపు తలుపు వేసుకుని నన్ను నేనే విచారించుకుంటాను. ఆ గంటలో నేను నిర్దోషినని తేలితేనే, అప్పుడు మాత్రమే సాతానును పిలిపిస్తాను. ఇన్నేళ్ళయింది. పాపం, వాడిని పిలిపించే అవసరం ఇంతవరకు ఒక్కసారీ రాలేదు.